నీటి మీగడ

తోడికోడలంటే ఇందుమతికి పడదని ఎవరైనా అంటే సిరిమల్ల ఊరంతా నవ్వేది. నీరజను ఏరికోరి ఆ ఇంటికి తెచ్చుకున్నది ఇందుమతే. మరిది మనోహర్ పెళ్ళిచూపులకు అందరికన్నా ముందు బయల్దేరింది ఆమె. సూక్ష్మజీవుల శాస్త్రం చదివిన పిల్ల అని మురిసిపోయి, పెళ్ళయిన ఏడాదికే తన ప్రయోగశాలలో తన పక్క బల్ల ఇప్పించిందీ ఆమే. కాబట్టి ఇందుమతికి కోపం ఉందనలేం, పగ ఉందనీ అనలేం. ఉన్నదల్లా ఈర్ష్య. అది మాత్రం పీకల దాకా ఉంది.

ఆ పొద్దున కూడా ఆమె గాజు తలుపు వెనక నిలబడి, వరండాలో బడిపిల్లలకు నీరజ చెప్తున్న పాఠం వింటోంది. చేతిలో కొలత గొట్టం ఉంది. అందులో ఏం కొలవాలో ఎప్పుడో మరిచిపోయింది.

"కాలుష్యం అంటే ఏంది? ఎవరు చెప్తరు?" అని అడిగింది నీరజ.

ముందు వరసలోని పిల్ల లేచి చేతులు కట్టుకుంది. "గాలి, నీరు, నేలలలో హానికర పదార్థములు చేరుటను కాలుష్యం అందురు."

"శభాష్! ఇప్పుడు గదే మాట మా అత్తమ్మకు సమజయ్యేటట్టు చెప్పు."

పిల్లలంతా నవ్వారు. ఆ పిల్ల తల గోక్కుంది.

"సరే, నేనడుగుత. ఎర్ర రంగు చీరె మీదుంటే ఏమంటం?"

"మంచిగున్నదంటం!"

"అదే ఎర్ర రంగు బోరు నీళ్ళల్ల వస్తే?"

"ఛీ అంటం!"

"గంతే. ఉండాల్సిన కాడ ఉంటే అందం, ఉండగూడని కాడ ఉంటే కాలుష్యం. రంగుది తప్పేం లేదు. ఎక్కడ పారబోసినమన్నదే మన తప్పు."

పిల్లలతో వచ్చిన పంతులు ఆ మాటను ఫోనులో ఎక్కించుకున్నాడు. ఇందుమతి కూడా తన పరిశోధన గ్రంథంలో కాలుష్యానికి నిర్వచనం రాసింది. దాన్ని చదివినవాళ్ళు ఇద్దరు. ఒకాయన ఆమెకు దారి చూపిన ప్రొఫెసరు, రెండో ఆయన పరీక్షాధికారి. ఆ రెండో ఆయన చివరిదాకా చదివాడా అన్నది ఇప్పటికీ అనుమానమే.

"మరి సహజ వనరులంటే?"

"గాలి, నీళ్ళు, ఎండ, అడవి, బొగ్గు" అని ఒకడు వేళ్ళు మడిచాడు.

"ఇందుల తీసినకొద్దీ అయిపోయేటివి ఏవి? తీసినా మళ్ళ నిండేటివి ఏవి?"

"బొగ్గు అయిపోతది మేడం. నీళ్ళు నిండుతయి. వానొస్తది గద."

"నిండుతయి. రంగు నీళ్ళే నిండితే మరి?"

నీరజ వాళ్ళను ఎక్కువసేపు బాధపెట్టకుండా మూడు గాజు సీసాలు ముందుకు జరిపింది. ఒక్కోదానిలో నీళ్ళ మీద మందంగా, కాస్త ఆకుపచ్చగా, పాలమీగడ లాంటి పొర తేలుతోంది.

"ఇది మా మీగడ. బాక్టీరియా, నాచు, బూజు అన్నీ కలిసి ఇందుల కాపురం చేస్తయి. ఒకటి రంగును ముక్కలు చేస్తది. ఇంకోటి ఆ ముక్కలు తింటది. మూడోది మిగిలిన ఎంగిలి తింటది. ఎవరన్న ఒకరు అలిగి పోయిన్రనుకో, కాపురం కూలినట్టే. ఇట్ల ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతికేదాన్నే ఆవరణ వ్యవస్థ అంటరు."

"ఏ రంగైనా తింటదా మేడం?"

"నల్లది తింటది, నీలంది తింటది. ఎర్రది మాత్రం నా కాడున్న మీగడే తింటది." నీరజ మూడో సీసా పైకెత్తింది. పొద్దున పోసిన ఎర్ర నీళ్ళ జాడ అందులో లేదు. అవతలి పిల్లల ముఖాలు నీళ్ళలోంచి తేటగా కనిపిస్తున్నాయి.

ఆ మాట గొప్ప కోసం అని ఉంటే ఇందుమతి ఓర్చుకునేది. గొప్పలు పోయేవాళ్ళను చూసి నవ్వుకోవచ్చు. నీరజ ఉన్నమాట చెప్పింది. ఉన్నమాటను ఏమనగలం? ఇందుమతి కొలత గొట్టం బల్ల మీద పెట్టి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

సిరిమల్ల నూలుకు రంగులద్దే ఊరు. రంగు కడిగిన నీళ్ళు మూడు తరాలుగా చెరువులోకి పోయాయి, చెరువులోంచి నేలలోకి దిగాయి. ఏ వాడలో బోరు వేస్తే ఏ రంగు నీళ్ళు పడతాయో చెప్పగలిగిన పెద్దమనుషులు ఆ ఊళ్ళో ఉన్నారు. ఇందుమతి కాపురానికి వచ్చింది కూడా అలాంటి రంగుల కార్ఖానా ఉన్న ఇంటికే. ఇప్పుడు దాన్ని నడిపేది ఆమె భర్త దామోదర్. మామగారి కాలంలో మూతపడ్డ పాత అద్దకాల షెడ్డు వెనక ఒక మురికి కాలువ ఉండేది. ఊళ్ళో కాలువలన్నీ రంగురంగులుగా పారుతుంటే అదొక్కటి తేటగా ఉండటం చూసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని అందులో దిగింది ఇందుమతి. రాళ్ళ సందుల్లో దొరికిన జిగట పొరను ఇంటికి తెచ్చి ఏళ్ళతరబడి సాకింది. కడుపున పిల్లలు పుట్టని ఆమెకు అదే బిడ్డ అయిందని వాడకట్టు ఆడవాళ్ళు వెనక అనుకునేవాళ్ళు. ముందర అన్నా ఆమె కాదనేది కాదు.

మీగడకు ఒక గుణం ఉంది. దాన్ని ఎండబెట్టి పొట్లాలు కట్టలేరు, మిషన్లో తయారు చేయలేరు. మంచుపెట్టెలో పెడితే చాలావరకు చస్తుంది, ఎప్పుడో ఒకసారి మాత్రం లేస్తుంది. ఏ రోజుకారోజు నిన్నటి మీగడ గరిటెడు తీసి, కొత్త రంగు నీళ్ళలో తోడు వేయాలి. అచ్చం పెరుగే. పైగా చేతి తొడుగులు వేసుకుని తోడేస్తే అది అసలు తోడుకోదు. తోడు వేసే మనిషి చేతి మీది సూక్ష్మజీవులు కొన్ని అందులో చేరితేనే దాని కాపురం నిండుతుంది. అందుకే ఒకే తోడు ఇద్దరి దగ్గర పెరిగితే ఇద్దరు మనుషుల్లా తయారవుతుంది.

ఇందుమతి చేతి మీగడ ఎన్నేళ్ళు బతిమాలినా ఎరుపు ముట్టలేదు. అదే తోడు నీరజ తీసుకెళ్ళి పెంచితే, కొద్ది నెలల్లోనే ఎరుపు తినడం నేర్చింది. సిరిమల్లకు అసలు గండం ఎరుపుతోనే. మిగతా రంగులు పోయినా ఎరుపు పోదు, తాగినవాళ్ళ మూత్రపిండాలను వదలదు.

"తల్లి మీది, పిల్ల ఆమెది. ఇద్దరికీ పేరే ఇందుమతి గారూ" అన్నాడు ప్రయోగశాల పెద్ద, ప్రొఫెసర్ జలీల్. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. పత్రికలవాళ్ళకు అంత మనసు లేదు. నీరజ ఫోటో వేసి 'నీరజ మీగడ' అని పెద్దక్షరాల్లో రాశారు. ఇందుమతి ఆ కాగితాన్ని చింపలేదు, పారేయలేదు. వంటింటి అరలో పోపు డబ్బాల కింద, బొమ్మ కిందికి వచ్చేలా పరిచింది.

ఇంట్లోనూ అదే వరస. కింది వాటాలో ఇందుమతి, దామోదర్, అత్త లచ్చవ్వ. పై వాటాలో నీరజ, మనోహర్. రెండు వంటిళ్ళలోనూ లచ్చవ్వ పుట్టింటి నుంచి తెచ్చిన పెరుగు తోడే నడుస్తోంది. నీరజ తోడేసిన పెరుగు గిన్నె బోర్లించినా కదలదు. ఇందుమతిది పలచగా, పులుపుగా ఉంటుంది.

"మా చిన్నదాని చెయ్యి మంచి చెయ్యి. ఏది ముట్టుకున్నా గట్టిగ తోడుకుంటది" అని లచ్చవ్వ పైనుంచి తెచ్చిన పెరుగు కొడుకు కంచంలో వేసింది.

దామోదర్ వేలు నాకి, "నిజమేనే అవ్వా" అన్నాడు.

ఆ రోజు ఇందుమతి మజ్జిగ లేకుండానే అన్నం ముగించింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగలేదని ఇంకా మండింది.

వానాకాలం మొదట్లో నీరజ తండ్రి పోయాడు. ఆమె పుట్టింటికి వెళ్ళిన సమయంలోనే ప్రయోగశాల షెడ్డులోకి వరద నీళ్ళు వచ్చాయి. నీళ్ళు తీశాక షెడ్డంతా బ్లీచింగు పొడితో కడిగించారు. ఆ నీళ్ళు నేలమట్టంగా ఉన్న నీరజ తొట్లలోకి చేరాయి. ఎత్తు బల్ల మీదున్న ఇందుమతి తొట్లకు ఏమీ కాలేదు. ఎవరి తప్పూ కాదు. ఎరుపు తినే మీగడ మాత్రం తెల్లటి తుంపులై అడుక్కి దిగిపోయింది.

మూడోనాడు మైల తీరగానే నీరజ తిరిగొచ్చింది. షెడ్డు చూసి, అక్కణ్ణుంచి నేరుగా కింది వాటాలోకి, ఇందుమతి దగ్గరికి వచ్చింది. సాయంత్రమైంది. లచ్చవ్వ అప్పుడే దేవుడి గూట్లో దీపం వెలిగించి వత్తి సర్దుతోంది. ఏడ్చి ఏడ్చి నీరజ ముఖం ఉబ్బిపోయి ఉంది.

"అక్కా, నీ మీగడ జరంత తోడియ్యి. మళ్ళ మొదటి సంది పెంచుకుంట. ఒకసారి నేర్చింది, మళ్ళ నేర్వకపోతదా?"

లచ్చవ్వ గూటి దగ్గర నుంచే అంది. "దీపం ముట్టిచ్చినంక తోడియ్యరు బిడ్డా."

"ఇది పెరుగు కాదత్తమ్మా."

"ఏదైతేంది? తోడు తోడే. పొద్దుగాల తీస్కపో."

ఇందుమతి దీపాలకూ తిథులకూ అంతగా లొంగే మనిషి కాదు. శుక్రవారం గోళ్ళు తీసుకుని అత్తతో మాటలు పడ్డ మనిషి. ఆ పూట మాత్రం ఎక్కడలేని భక్తీ పుట్టుకొచ్చింది. "పెద్దామె మాట ఎందుకు కాదనాలె? పొద్దుగాల ఇస్త తియ్యి" అంది. అప్పుడే ప్రయోగశాలకు వెళ్ళి ఇచ్చేసి ఉంటే బతికున్న తోడే ఇచ్చేది. అప్పటికి ఆమె మనసులో వేరే ఆలోచన లేదు. ఆ ఆచారం ఈర్ష్యకు ఒక రాత్రి సందిచ్చింది, ఈర్ష్యకు అంతకంటే ఎక్కువ సందు అక్కర్లేదు.

పొద్దున్నే ప్రయోగశాలకు వెళ్ళి, తన తొట్టిలోంచి మంచి మీగడ, నడిమధ్యది, గరిటెడు తీసి సీసాలో వేసింది. బల్ల పక్కన వేడినీళ్ళ పాత్ర ఉంది. సీసాను అందులో దించింది. ఎందుకు దించుతోందో ఆమెకు తెలుసు. తెలియదని తనకు తాను చెప్పుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. ఒక్కసారి. ఒక్కసారి దాని చేతిలో తోడుకోకూడదు. ఒక్కసారి అత్తమ్మ చూడాలి, ఆయన చూడాలి. మళ్ళీ అడుగుతుంది కదా, అప్పుడు బతికున్నది ఇస్తాను. ఇలా అనుకుంటూ, వేలు పెట్టలేనంత వేడెక్కాక సీసాను బయటికి తీసింది. కుళాయి కింద చల్లార్చి, పైట కొంగుతో తుడిచింది. మీగడ చూడటానికి ఎప్పటిలాగే ఉంది. చచ్చినదానికీ బతికినదానికీ మొదట్లో తేడా తెలియదు.

నీరజ ఆ సీసాను రెండు చేతులతో కళ్ళకద్దుకుని తీసుకుంది. ఇందుమతి ముఖం పక్కకు తిప్పుకుంది.

తోడుకోలేదు. నీరజ రోజూ వంగి తొట్లోకి చూసేది. ఎర్ర నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. ఇందుమతి ఆమె వచ్చి మళ్ళీ అడగడం కోసం చూసింది. మంచి మీగడ ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టింది కూడా. నీరజ అడగలేదు. ఎదురింటి ఆండాలు పరామర్శకు వచ్చి వాకిట్లో కూర్చుని, "తండ్రి పోయిన మైల ఇంక చేతికి ఉన్నదేమో, అందుకే పట్టలే" అంది. వేరే ఎవరైనా అయితే నవ్వి ఊరుకునేవాళ్ళు. చేతిలోనే ఉంది అంతా అని తన శాస్త్రమే నేర్పిన నీరజకు ఆ మాట మనసుకు పట్టేసింది. దుఃఖంలో ఒళ్ళు మారుతుంది, చెమట మారుతుంది, చేతి మీద బతికేవీ మారతాయి. సూక్ష్మజీవుల శాస్త్రం, ఆండాలు మాట ఒకేచోట కలిశాక ఇంక ఎవరు కాదనగలరు?

"నా చెయ్యి పోయిందక్కా. నీ మంచి తోడు మళ్ళ మళ్ళ ఎందుకు పాడు చెయ్యాలె?" అంది. మిగిలిన కాస్త మీగడను మంచుపెట్టెలో పెట్టి, ఉద్యోగం మానేసి, పక్క మండలంలో బడిపంతులమ్మగా చేరింది.

ఆ తర్వాత పై వాటాలో పాలు తోడేయడానికి రోజూ సాయంత్రం లచ్చవ్వ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కేది. నీరజ పాలు కాచి దూరంగా నిలబడేది. గిన్నెలో గరిటె కూడా పెట్టేది కాదు. ఇందుమతి కిటికీలోంచి అత్త మెట్లెక్కడం చూసేది. పైకి వెళ్ళి ఒక్క మాట చెప్తే సరిపోతుంది. చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. అందరూ నీరజను దగ్గరకు తీసుకుంటారు, తనను చూసి తప్పుకుంటారు. ఆ ఊహ రాగానే నోరు మూసుకుపోయేది.

గెలిచింది మాత్రం ఇందుమతే. ఊరి రంగు నీళ్ళను తేటపరిచే శుద్ధి మడుగు నిండా ఆమె మీగడే తేలింది. పత్రికలు ఆమె ఫోటో వేశాయి. నల్లరంగు, నీలం పోయాయి. ఎరుపు నీళ్ళను మాత్రం కార్ఖానాల వాళ్ళు చెరువు పైవైపున్న పెద్ద తొట్టిలో నిలవ చేసుకుంటూ వచ్చారు, ఇవాళ కాకపోతే రేపైనా ఇందుమతమ్మ మీగడ ఎరుపు నేర్చుకోదా అని. అది నేర్చుకోలేదు. ఇందుమతి ఎర్ర నీళ్ళు చుక్కచుక్కగా అలవాటు చేసింది, చన్నీళ్ళు వేన్నీళ్ళు మార్చి చూసింది, తన చేతులను నీరజ వాడే సబ్బుతోనే కడుక్కుంది. ఆ సబ్బు కొనేటప్పుడు కొట్టువాడి ముందు సిగ్గేసింది.

మరుసటి వానాకాలం వచ్చేసరికి మీగడకు జబ్బు చేసింది. ఒక తొట్లో పొర అంచులు నీరుగారాయి. మర్నాటికి పక్క తొట్టి. వారం తిరక్కుండా మడుగంతా విరిగిన పాలలా అయింది. జలీల్ సూక్ష్మదర్శిని మీంచి తలెత్తి కళ్ళద్దాలు తీశాడు.

"వైరస్. అన్నీ ఒకే వంశం, ఒకే చేతిలో పెరిగినయి. ఒకదాన్ని పట్టిందంటే అన్నిట్నీ పడుతుంది. జీవవైవిధ్యం అని మనం ఊరంతా తిరిగి ఉపన్యాసాలిస్తం గానీ, మన తొట్లలోనే లేకపాయె. ఇంకో చేతిలో పెరిగింది ఒక్కటున్నా తట్టుకుంటుండె."

మన పెరుగు తోడు చెడితే పక్కింటికి ఎందుకు వెళ్తాం? మనం ఇచ్చిన తోడు అక్కడ బతికుంటుంది కాబట్టి. ఆ పక్కింటి తోడును తనే చంపేసింది. చంపింది నీరజ మీగడను అనుకుంది, తీరా చూస్తే అది తన బిడ్డే.

కార్ఖానాలు ఆగిపోయాయి. వాన ఆగలేదు. పెద్ద తొట్టి అంచుల దాకా వచ్చింది. అప్పుడు మనోహర్ మంచుపెట్టెలోని సీసా సంగతి జలీల్‌కు చెప్పాడు.

ఆ పొద్దున తొట్టి గట్టు మీద ఊరి అద్దకాల వాళ్ళంతా గొడుగులతో చేరారు. దామోదర్ తూము తిప్పే చక్రం పట్టుకుని నిలబడ్డాడు. లచ్చవ్వ కూడా వచ్చి రాయి మీద కూర్చుంది. కిందివైపు శుద్ధి మడుగు, మడుగు దాటితే చెరువు, చెరువు కింద సగం ఊరి బోర్లు. నీరజ మంచుడబ్బాలోంచి సీసా తీసింది. ఏడాది తర్వాత ఆమె ఆ గట్టు ఎక్కడం అదే మొదలు.

"నాకైతే నమ్మకం లేదు సర్. అక్క మంచి తోడే ఇచ్చింది, నా చేతిల పట్టలే" అంది.

"తోడుకోనంత మాత్రాన చచ్చిందని కాదమ్మా. ఎర్ర నీళ్ళకు జడిసి నిద్రపోయి ఉండొచ్చు" అన్నాడు జలీల్. "ఇది వైరస్ రాకముందుది. మడుగులో కలిపి తూము విప్పుదాం. నీళ్ళు కదిలితే లేస్తది. కట్ట తెగేదాకా చూస్తే మన చేతిల ఏమీ ఉండదు."

"ఇంకో దారి లేదా?" అని ఎవరో అడిగారు.

"ఉంది. ట్యాంకర్లు పెట్టి ఈ నీళ్ళన్నీ నగరం పక్కనున్న పెద్ద శుద్ధి కేంద్రానికి మోయాలె. తొట్టి తగ్గేదాకా, కొత్త మీగడ దొరికేదాకా, ఒక్క కార్ఖానా కూడా తెరవొద్దు."

గట్టు మీద గొణుగుడు లేచింది. నెలలతరబడి పొయ్యి వెలగదని అందరికీ అర్థమైంది. "సీసానే పొయ్యండి సారూ" అన్నారు నలుగురైదుగురు.

ఇందుమతి గొడుగు లేకుండా నిలబడి ఉంది. చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు వరసగా కనిపించింది. సీసా మడుగులో పోస్తారు. చచ్చినది లేవదు. ఎరుపు చెరువులోకి, చెరువులోంచి బోర్లలోకి దిగుతుంది. నింద ఎవరి మీద పడుతుంది? మళ్ళీ నీరజ చేతి మీదే. తన పేరు ఎక్కడా రాదు. ఇన్నాళ్ళూ ఆమె కోరుకున్నది అదే కదా! ఇప్పుడు పళ్ళెంలో పెట్టినట్టు ఎదురుగా ఉంది. నీరజ మోకాళ్ళ మీద వంగి సీసా మూత తిప్పుతుంటే, ఆమె వేళ్ళు వణకడం ఇందుమతికి కనిపించింది. ఒకప్పుడు ఏ పని చేసినా వణకని వేళ్ళవి. వాటిని చూసి ఎన్నిసార్లు కుళ్ళుకుందో ఆమెకే తెలుసు.

"తూము విప్పకుర్రి" అంది ఇందుమతి. వాన చప్పుడులో ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అరిచినట్టు అంది. "విప్పొద్దు! అది లేవదు. అది చచ్చింది."

"ఎట్ల చెప్తవ్?" అన్నాడు దామోదర్ విసుగ్గా.

"నేనే చంపిన కాబట్టి. తోడడిగిన తెల్లారి, వేన్నీళ్ళల్ల పెట్టి కాచి ఇచ్చిన. అది అప్పుడే చచ్చింది. నీరజ చేతిల కాదు."

దామోదర్ చేతులు చక్రం మీంచి జారాయి.

"ఎందుకే?" అంది లచ్చవ్వ. "ఏం తక్కువైందే నీకు?"

"దాని చెయ్యి మంచిదన్నరు గద అందరూ. చూడలేకపోయిన." ఇంతకన్నా మంచి మాట ఏదీ ఆమెకు దొరకలేదు. వెతకనూ లేదు.

గట్టు మీద ఒకడు పచ్చిబూతు తిట్టాడు. ఇంకొకడు నా కార్ఖానా మూతపడితే నా ఇల్లు నీ మొగుడు నడుపుతడా అని మీదికి వచ్చాడు. మనోహర్ అతన్ని ఆపాడు కానీ, ఆపుతూ వదిన వైపు చూడలేదు. దామోదర్ అందరి తిట్లూ వింటూ తూము చక్రానికి గొలుసు చుట్టి తాళం వేశాడు. ట్యాంకర్ల కోసం జలీల్ అప్పుడే ఫోను చెవిన పెట్టుకున్నాడు. ఏ బోరులోకీ ఎరుపు దిగదు. సిరిమల్లలో ఆ ఏడు ఏ కార్ఖానా పొగ గొట్టమూ పొగ వదలదు.

ఇవన్నీ ఇందుమతి చూసింది కానీ ఏదీ ఆమె తలకెక్కలేదు. ఆమె ఎదురుచూస్తున్నది ఒక్క మనిషి కోసం. నీరజ లేచి వస్తుంది, చెంప పగలగొడుతుంది. కొట్టాలి. ఏడాదిగా తను దాచుకున్నదానికి అదొక్కటే సరిపోతుంది. చెంపకు చెయ్యి తగిలితే ఆ తర్వాత ఇద్దరూ ఏడవవచ్చు, తిట్టుకోవచ్చు. ఎంత చెడ్డా అదీ ఒక బంధమే.

నీరజ లేచింది. సీసా గడ్డిలో దొర్లిపోయింది, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆమె తన రెండు అరచేతులూ తెరిచి వానలో పట్టుకుంది. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పెదవులు కదిలాయి. ఇందుమతి ఒక అడుగు ముందుకు వేసింది.

నీరజ ఆమె పక్క నుంచే, ఆమె అక్కడ లేనట్టే దాటిపోయి, రాయి మీద కూర్చున్న ముసలామె ముందు మోకాళ్ళ మీద కూలబడింది. తడిచేతులతో ఆమె చేతులు పట్టుకుంది.

"అత్తమ్మా, నా చెయ్యి మంచిదేనట! ఇన్నవా? నాయిన మైల గాదట, ఏం గాదట. నా చెయ్యి మంచిదే!"

ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది. లచ్చవ్వ ఆ అరచేతులను తన ముఖానికి అదుముకుని, "నాకు తెల్వదా బిడ్డా, నాకు తెల్వదా" అంటోంది. ఆ నవ్వులో కోపం లేదు. ఇందుమతి కోసం అందులో ఏమీ లేదు. ఏడాది బరువు ఒక్క మాటతో దించుకుని ఇంత తేలికగా నవ్వడం ఒక మనిషికి ఎలా సాధ్యం? తన బరువు మాత్రం చెప్పాక కూడా ఎక్కడిదక్కడే ఉంది. తడిసి ముద్దయి, ఊరంతా తిడుతుండగా, సర్వం పోగొట్టుకుని నిలబడ్డ ఇందుమతి ఆ నవ్వును చూసి ఎప్పటికంటే ఎక్కువగా ఈర్ష్య పడింది.